పండు మీది పొడి

జూన్ 7, శనివారం

ఈ డైరీ కంపెనీ ఇచ్చింది. జనవరిలో ఇస్తే ఇన్నాళ్ళూ బీరువా మీద పడి ఉంది. ప్రతి పేజీ కిందా 'భద్రతే మన బలం' అని అచ్చు వేశారు. ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి ఒకటి ఇవాళ గొంతులో అడ్డం పడింది కాబట్టి దీన్ని కిందికి దింపి దుమ్ము దులిపాను.

ఇవాళ్టి నుంచి ప్రతి శనివారం మా ఫ్యాక్టరీ పనివాళ్ళకూ, గోడ అవతల వీధి వాళ్ళకూ పండ్లు ఉచితం. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కంపెనీకి ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో అందరికీ తెలుసు. పొగ గురించి వీధి వాళ్ళు అర్జీ పెట్టారు. ఆ అర్జీకి జవాబు గేటు దగ్గర ఒక బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, వెనకాల బ్యానరు. 'మా తోట పండ్లు, మీ ఇంటికి.'

తోట అంటే నాది. వెనక గోడ వెంబడి పదకొండేళ్ళ కిందట నేను నాటిన పద్నాలుగు జామచెట్లు. బ్యానరు చూసి పొంగిపోయాను, ఇన్నాళ్ళకు వీళ్ళకు కళ్ళు కనిపించాయనుకున్నాను. పొద్దున ఆరింటికే వచ్చి నాలుగు బుట్టలు కోసి పెట్టాను. తొమ్మిదింటికి డ్రైవరు వ్యాను తెచ్చి మార్కెట్టు జామకాయలు ఇరవై పెట్టెలు దించాడు.

"మరి నా బుట్టలు సార్?" అని మేనేజర్ని అడిగాను.

"అవి వెనకాల గుంటలో పోసి మట్టి కప్పెయ్ పెద్దాయనా. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చూడ్డానికి బాగుండవు. ఇకనుంచి తోటలో కాయ ఒక్కటి కూడా గేటు దాటకూడదు. ఎన్ని కోశావో ఎన్ని పూడ్చావో రిజిస్టరులో రాయి. ఇక్కడో సంతకం పెట్టు."

పెట్టాను. తర్వాత నా నెత్తిన ఆకుపచ్చ టోపీ ఒకటి పెట్టి బల్ల వెనక నిలబెట్టారు. వచ్చినవాళ్ళు "మీ తోటవేనా?" అని అడిగితే "అవునమ్మా, మా తోటవే" అనాలి. అన్నాను. వందసార్లకు తక్కువ ఉండదు. ఎవడో కన్నబిడ్డను ఎత్తుకుని నా బిడ్డేనని ఊరంతా చూపించి వచ్చినట్టుంది.

నాలుగు బుట్టలూ గుంటలో పోశాను. రెండు కాయలు క్యారేజీ సంచిలో వేసుకున్నాను. దొంగతనం అంటే అనుకోనీ.

జూన్ 8, ఆదివారం

రెండూ పిట్టే తినేసింది. పిట్ట మా అమ్మాయి కూతురు, ఆరేళ్ళది. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. అల్లుడు లారీ మీద తిరుగుతుంటాడు, అమ్మాయి బట్టల కంపెనీలో కుట్టుమిషను మీద కూర్చుంటుంది, అందుకని తల్లీ పిల్లా నా దగ్గరే ఉంటారు. మొన్న డాక్టరమ్మ పిట్ట కంటి రెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉంది, పండ్లు బాగా పెట్టండి అంది. పండ్ల కోసం నేను ఇంకొకర్ని దేబిరించాలా.

నా జామకాయ మీద సన్నటి పొడి ఉంటుంది. బూడిద రంగు, పౌడరు అద్దినట్టు. ద్రాక్ష మీద అందరూ చూసే ఉంటారు, అలాంటిదే. జామకు అది ఉండదని చదువుకున్నవాళ్ళంటారు. నా జామకు ఉంది. కాయలో సత్తువ ఎక్కువైతే అలా పైకి వస్తుంది. కొలిమి పక్కనున్న నాలుగు చెట్లకు మరీ ఎక్కువ. పొడి చెదరకుండా తొడిమ పట్టుకుని కోస్తాను, కాగితంలో పెట్టి తెస్తాను. ఇంట్లో కడగనివ్వను. కడిగేస్తే మార్కెట్టు కాయకూ దానికీ తేడా ఏముంటుంది.

పిట్ట ఆ పొడి మీద వేలితో పిట్ట బొమ్మ గీస్తుంది. ముక్కు, రెక్క, రెండు కాళ్ళు. గీసి వేలు నాక్కుంటుంది. ఆ తర్వాతే కాయ కొరుకుతుంది.

జూన్ 9

రెండు.

జూన్ 10

రెండు. వానకు పొడి కొట్టుకుపోయింది. కొలిమి పక్క చెట్టువి తెచ్చాను, దానికి రేకుల కప్పు అడ్డం ఉంది.

జూన్ 14, శనివారం

మళ్ళీ బల్ల, మళ్ళీ టోపీ. ఆఫీసు నుంచి కెమెరా పట్టుకొచ్చిన అమ్మాయి నన్ను కాయ పైకెత్తి నవ్వమంది. నా నవ్వు బాగా రాలేదట, ఆరుసార్లు తీసింది.

ఇస్త్రీ ఆవిడ వచ్చింది. మా వెనక గోడకు ఆనుకునే ఆవిడ ఇల్లూ, ఇస్త్రీ బండీ. ఇద్దరు మనవలు. కాయ అక్కడే కొరికి, "పదేళ్ళుగా గోడ మీంచి చూపించి ఊరించావు కదన్నయ్యా, తీరా తింటే ఇంత చప్పగా ఉందేంటి?" అంది.

వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. కొలిమి మీద పనిచేసేవాళ్ళు కూడా. నా ముఖం మాడిపోయింది. ఇవి నావి కావు అని నాలుక చివరిదాకా వచ్చింది. మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు.

మధ్యాహ్నం వెళ్ళి, గోడ మీదికి పోకుండా వెనక్కి లాగి కట్టిన రెండు కొమ్మల తాళ్ళు విప్పేశాను. అవి నింపాదిగా అవతలికి వంగాయి. గేటు దాటకూడదన్నారు గానీ గోడ దాటకూడదని ఎవరూ అనలేదు.

ఇంటికి రెండు.

జూన్ 21, శనివారం

"ఇదీ అన్నయ్యా పండంటే" అంది ఇస్త్రీ ఆవిడ, గోడ అవతల నుంచి. పదకొండేళ్ళలో నాకు దొరికిన మెచ్చుకోలు ఇదొక్కటే. రాసి పెట్టుకుంటున్నాను.

మనవలిద్దరూ గోడెక్కి కూర్చున్నారు. పెద్దవాడు, "తాతా, దీనికి పౌడరు రాశావా?" అన్నాడు.

"నేనెందుకు రాస్తానురా. చెట్టే రాసుకుంది, నీలాంటి కోతులు వస్తారని" అన్నాను.

జూన్ 30

పిట్టకు కడుపునొప్పి. బడి దగ్గర ఏ చెత్తో కొనుక్కుని తిని ఉంటుంది. రెండు తెచ్చాను, ఒకటే తింది.

జూలై 4

నాలుగు రోజులైంది, పిట్టకు విరేచనం కాలేదు. అన్నం దగ్గర కూర్చోబెడితే కంచంలో గీతలు గీస్తుంది. అమ్మాయి కసురుతుంది. అన్నం తినే పిల్లను కసిరితే లోపలికి ఏం పోతుంది. నేను మాత్రం ముక్కలు కోసి, నోట్లో పెట్టి, కథ చెప్పి తినిపించాను. నా చేత్తో పెడితే తింటుంది.

జూలై 12, శనివారం

రక్తం ఇంకా తగ్గిందట. డాక్టరమ్మ ఇనుము మందు రాసింది, నల్లగా, చూస్తేనే వాంతి వచ్చేలా ఉంది.

"పండ్లు పెడుతున్నారా?" అంది.

"రోజూ అండీ. మా నాన్న స్వయంగా పెంచిన చెట్లవి" అంది అమ్మాయి. గర్వంగానే అంది. విని నాకు కడుపు నిండింది.

ఇవాళ మూడు.

జూలై 15

మూడు.

జూలై 17

పంతులమ్మ అమ్మాయిని బడికి పిలిపించింది. నిరుడు వచ్చిన అక్షరాలు పిట్టకు ఇప్పుడు రావడం లేదట. పిలిస్తే పలకదట, కిటికీలోంచి చూస్తూ ఉంటుందట. ఆరేళ్ళ పిల్ల కిటికీలోంచి చూడక ఏం చేస్తుంది. ఆ మందు తలకెక్కి ఉంటుంది. పంతులమ్మ కూడా కొత్తది.

మూడు.

జూలై 19, శనివారం

డ్రైవరుకు నోటి దురద. పెట్టెలు దించుతూ, "పెద్దాయనా, వెనకాల చెట్ల కాయలు నువ్వు తినవు కదా?" అన్నాడు.

"నాకు పళ్ళు కదులుతున్నాయి, తినను. ఏం?"

"మొదట్లో మేనేజరు ఇంటికి ఒక బుట్ట పంపారు. ఆయన భార్య కడిగితే నీళ్ళు సిమెంటు రంగులో వచ్చాయట. బుట్టతో సహా బయట పారేయించింది. అప్పుడే కదా నాకీ మార్కెట్టు పని తగిలింది."

వాడికి చెట్టు గురించి ఏం తెలుసు. స్టీరింగు తిప్పుకునేవాడు.

ఇవాళ ఏమీ తేలేదు. మర్చిపోయాను.

జూలై 20, ఆదివారం

ఊరికే ఉండలేక ఫ్యాక్టరీకి వెళ్ళి రెండు కోసుకొచ్చాను. అమ్మాయి, పిట్ట సంతకు వెళ్ళారు. తెల్ల గిన్నెలో నీళ్ళు పోసి కడిగాను. నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. కాసేపు ఉంచితే అడుగున పెన్సిలు ముక్కు అరగదీసినట్టు ఒక పొర పేరుకుంది. వేలితో రాస్తే వేలు మెరిసింది.

గిన్నె పాతది. దాని పైపూత లేస్తోంది.

జూలై 21

మర్చిపోయాను.

జూలై 22

మర్చిపోయాను.

జూలై 23

ఇంటికి రాగానే పిట్ట నా సంచి వంక చూసింది. నిన్నా చూసింది. మనసు ఆగలేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒకటి తెచ్చాను. గోడకు దగ్గరగా ఉన్న చెట్టుది, కొలిమి పక్కది కాదు. ఒక్కటితో ఏమవుతుంది.

మంచినీళ్ళతో కడుగుదామనుకున్నాను. అప్పటికే బొమ్మ గీసేసింది.

జూలై 26, శనివారం

ఇస్త్రీ ఆవిడ చిన్న మనవడు వారం నుంచి వాంతులట. ఎండదెబ్బేమో అంది. అయి ఉండొచ్చు అన్నాను.

కొమ్మలు మళ్ళీ వెనక్కి కట్టాలి. సోమవారం కడతాను.

ఇంటికి ఒకటి.

జూలై 30

కొమ్మలు కట్టలేదు. తాడు సరిపోలేదు. ఇంటికి ఒకటి. దోరది.

ఆగస్టు 2, శనివారం

రక్తం పరీక్ష వచ్చింది. పిట్ట ఒంట్లో సీసం.

డాక్టరమ్మ చీటీ మీద అంకె చూపించి, ఇంత ఉండాల్సిన చోట ఇంత ఉంది అంది. నాకు అంకెలు అందలేదు. ఆవిడ ముఖం అందింది.

"మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తారా?"

"మా నాన్న ఆ ఫ్యాక్టరీలోనే. కానీ ఆయన కొలిమి దగ్గరికి వెళ్ళరు, తోటలో ఉంటారు" అంది అమ్మాయి.

"బట్టల మీద దుమ్ము వస్తుందమ్మా. అది పిల్లలకు అంటుకుంటుంది. ఇంటికి రాగానే ఆయన బయటే స్నానం చేయాలి. బట్టలు విడిగా ఉతకండి. ఇంకా ఏ దారిన పోతోందో మీరు చూసుకోవాలి."

నేను అక్కడే ఉన్నాను. నోరు నాకూ ఉంది.

ఇంటికొచ్చాక అమ్మాయి పెరట్లో నాకు ఒక బకెట్టు, సబ్బు, తువ్వాలు పెట్టింది. "నాన్నా, నిన్ను తప్పు పట్టడం లేదు. నీకు మాత్రం ఏం తెలుసు" అంది. నా చొక్కా వేరే బకెట్టులో ముంచి, చేతులు ఎర్రబడేలా రెండుసార్లు ఉతికింది. నేను గడప మీద కూర్చుని చూశాను.

బట్టలే అయి ఉండొచ్చు. డాక్టరు అన్న మాట, నేను అన్నది కాదు.

ఆగస్టు 4

ఏమీ తేలేదు. ఇక తేను.

ఆగస్టు 5

మేనేజరు గదికి వెళ్ళాను. పొద్దున్నించీ కూడగట్టుకున్న మాటలు తలుపు దగ్గరే సగం పోయాయి.

"సార్, తోట కాయల మీద ఉన్నది సీసమా?"

ఆయన కోప్పడలేదు. అల్మారా తీసి ఒక ఫైలు బల్ల మీద పెట్టాడు. అందులో నా సంతకం, జూన్ ఏడు.

"కాయ ఒక్కటి కూడా బయటికి పోదని నువ్వే ఒప్పుకున్నావు. ఎన్ని కోశావో, ఎన్ని పూడ్చావో రోజూ నువ్వే రాశావు. అన్నీ పూడ్చానని ఉంది. మరి బయటికి పోయాయా?"

ఫ్యాను తిరుగుతోంది. ఆయన వేలు నా సంతకం మీద ఉంది.

"లేదు సార్" అన్నాను.

"మరి నీకెందుకు బెంగ. వెళ్ళి టీ తాగు."

వెళ్ళి టీ తాగాను. సిగ్గులేని గొంతు, దిగింది.

ఆగస్టు 8

అమ్మాయి ఇస్త్రీ ఆవిడను వెంటబెట్టుకుని పొగ సంగతి చూసే సర్కారు ఆఫీసుకు వెళ్ళి కాగితం పెట్టింది. ఆవిడ చిన్న మనవడికీ అదే సీసం, అంకె ఇంకా ఎక్కువే. సోమవారం తనిఖీ వాళ్ళు వస్తారట. మట్టి, నీళ్ళు, ఆకులు, కాయలు, అన్నీ పట్టుకెళతారట. పిట్టకు తెచ్చినవి ఆ చెట్లవేనా అని అమ్మాయి అడిగితే, కావు, గేటు దగ్గర పంచే మార్కెట్టువి అన్నాను.

"నీ ఉద్యోగం పోతే పోయింది నాన్నా. నా మిషను ఉంది" అంది అమ్మాయి. నా ఉద్యోగం గురించి ఆలోచిస్తోంది.

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున తోటకు వెళ్ళేసరికి ఇస్త్రీ ఆవిడ పెద్ద మనవడు గోడ మీద కూర్చుని తింటున్నాడు. తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నాడు, వీడు మూడో కాయ మీద ఉన్నాడు. తమ్ముడు ఏం తిని పడుకున్నాడో వీడికి ఎవరు చెప్పారు గనక. చెప్పాల్సినవాడిని నేను. "దిగరా" అని అరిచాను. బెదిరి దూకి పారిపోయాడు, కాయ చేతిలోనే ఉంది.

కొమ్మలు కట్టడానికి తాడు వెతికాను. వెతుకుతూనే రంపం తీశాను.

పద్నాలుగూ కోసేశాను. మొదటిది కోస్తుంటే ఏడుపొచ్చింది. నాలుగోదానికి కోపం వచ్చింది. పదోదానికి ఏమీ రాలేదు, భుజం నొప్పి తప్ప. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి ఆపబోయాడు, ఫోను చేసి మేనేజర్ని అడిగాడు. మేనేజరు కోసుకోనివ్వమన్నాడట. రంపం మొద్దుబారితే స్టోరులోంచి కొత్తది ఇమ్మన్నాడట.

పాపం ఆయనకూ మనసుంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, రాస్తే నవ్వొస్తోంది.

మధ్యాహ్నానికి వ్యాను వచ్చి కొమ్మలు, ఆకులు, కాయలు ఊడ్చినట్టు ఎత్తుకుపోయింది, కొలిమిలోకి. సాయంత్రానికి నాలుగు లారీల ఎర్రమట్టి వచ్చింది. గుంట మీదా, మొదళ్ళ మీదా పోసి చదును చేశారు, పైన పూలకుండీలు పెట్టారు. నేనూ ఒక చెయ్యి వేశాను.

ఆగస్టు 11, సోమవారం

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒకాయన, ఒకావిడ. వీధి వాళ్ళందరూ గేటు బయట నిలబడ్డారు. ఇస్త్రీ ఆవిడ ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చింది, జుట్టు కూడా ముడేసుకోలేదు. ఆవిడ పక్కన మా అమ్మాయి.

"చెట్లేవి?" అంది తనిఖీ ఆవిడ.

"ముసలి చెట్లండి, చీడ పట్టింది. మా మాలి కొట్టేశాడు. ఆయన మాట ఈ తోటలో ఎవరూ కాదనరు" అన్నాడు మేనేజరు.

"ఒక్క కాయైనా లేదా?"

"పూడ్చినవి, కాల్చినవి, అన్నిటికీ లెక్క ఉందండి." రిజిస్టరు చూపించాడు.

"మరి బ్యానరు మీద 'మా తోట పండ్లు' అని ఉంది?"

"అది అభిమానం కొద్దీ రాసిన మాటండి. పంచినవన్నీ మార్కెట్టువి. డ్రైవరు తెచ్చిన రసీదులు ఇవిగో. ఇక్కడి కాయ ఒక్కటి కూడా ఎవరి నోట్లోకీ పోలేదు. మా పెద్దాయననే అడగండి."

ఆవిడ నా వైపు తిరిగింది. గేటు చువ్వల మధ్య నుంచి అమ్మాయి కూడా చూస్తోంది. పోయాయంటే మేనేజరు దొరుకుతాడు. పోయాయంటే అమ్మాయికి తెలుస్తుంది.

"పోలేదండి" అన్నాను.

ఇస్త్రీ ఆవిడ అవతలి నుంచి "అన్నయ్యా" అంది. గట్టిగా కూడా అనలేదు.

వాళ్ళు ఎర్రమట్టి రెండు సీసాల్లో నింపుకుని, పెదవి విరిచి వెళ్ళిపోయారు. మేనేజరు నా భుజం తట్టి, "చెప్పకుండానే అర్థం చేసుకున్నావు పెద్దాయనా" అన్నాడు. బల్ల కింద నుంచి ఒక బుట్ట తీసి చేతిలో పెట్టాడు. యాపిళ్ళు, నారింజలు, పైన రంగు కాగితం. వీధి చివరిదాకా మోశాను. ఆ తర్వాత ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

ఆగస్టు 12, మంగళవారం

పనికి వెళ్ళలేదు.

పిట్ట మంచం కింద నుంచి పులిసిన వాసన వస్తోంది. చీమల బారు పట్టుకుని వెతికితే బడి బూట్ల అట్టపెట్టె దొరికింది. అందులో అయిదు జామకాయలు. రెండు కుళ్ళిపోయాయి. మూడు దోరవి, ముడుచుకుని గట్టిగా ఎండిపోయాయి. మూడింటి మీదా పొడి అలాగే ఉంది. పొడిలో వేలితో గీసిన పిట్టలు. ముక్కు, రెక్క, రెండు కాళ్ళు.

"ఎందుకు దాచావమ్మా?" అన్నాను.

"తింటే కడుపు నొప్పొస్తోంది తాతా."

"మరి వద్దని చెప్పొచ్చుగా. నా సంచి వంక ఎందుకు చూశావు?"

"ఇవాళ కూడా తెచ్చావేమోనని." పెట్టె మూత మూసేసి, "నువ్వు బాధపడతావుగా" అంది.

దానికి భయమేసి చూసిందట. నేను ఆశ అనుకున్నాను. ఆశ అనుకుని వెనక్కి వెళ్ళి మరీ తెచ్చాను.

డైరీ మొదటి నుంచి చదివాను. గిన్నె పైపూత లేవలేదు, గిన్నె కొత్తది. తాడు సరిపోయింది. మర్చిపోయానని రాసిన ఏ రోజూ నేను మర్చిపోలేదు. తేదీలు సరైనవే. తెచ్చినవి నేను తెచ్చినట్టే రాశాను, పూడ్చినట్టు రిజిస్టరులో రాసినవి కూడా నేనే రాశాను. రెండూ ఒకే చేతిరాత. పక్కపక్కన పెడితే చదువుకున్నవాళ్ళకు తెలుస్తుంది. దాచినవి అయిదు పోను మిగిలినవన్నీ పిట్ట తింది. నేను ఒక్కటీ తినలేదు. నా పళ్ళు కదులుతాయి.

అట్టపెట్టె, డైరీ గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాను. ముందు అమ్మాయికి, తర్వాత ఇస్త్రీ ఆవిడకు, తర్వాత ఆ తనిఖీ ఆవిడకు. ఆ వరసలోనే ఇవ్వాలి. మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను.

అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పుతోంది. ఇంట్లోకి రాకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళింది, నిన్నటి నా చొక్కా బకెట్టులో నానుతోంది కదా. నీళ్ళు మారుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

బట్టలు కాదమ్మా.